పైకి చూస్తే ఔను

పోయిన వారం కథ దేవరకద్ర దాటాక అంబులెన్సులో ఆగింది. బాపు స్ట్రెచర్ మీద, అమ్మ ఆయన కాళ్ల దగ్గర, నేను తల దగ్గర. మధ్యలో చేరినవాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. నా పేరు మల్లిక. మక్తల్ దగ్గరి పల్లెలో ఆశ కార్యకర్తను. పుట్టింది ఆ ఊరే, మెట్టింది ఆ ఊరే. మా బాపు గోపయ్యకు అరవై ఎనిమిదేళ్లు. బతుకంతా గొర్రెల వెంటే నడిచాడు. ముందురోజు మధ్యాహ్నం రెండింటికి మందకు నీళ్లు పెడుతూ ఒక్కసారిగా తూలి, తొట్టి పట్టుకుని కూలబడ్డాడు. వాంతి చేసుకున్నాడు, మాట ముద్దయింది. మర్నాడు తెల్లవారి అయిదింటికి చూస్తే చెయ్యి కదలదు, కాలు కదలదు, మాట లేదు. కళ్లు మాత్రం తెరిచి ఉన్నాయి.

ఆ మధ్యలోని పదిహేను గంటలు మీరు ఏం చేశారని ఎవరూ అడగలేదు కాబట్టి పోయిన వారం నేనూ తప్పించుకున్నాను. ఈ వారం కుదరదు. మహబూబ్‌నగర్‌లో దవాఖాన మెట్లెక్కగానే డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్నే అది.

ఆమె పేరు సుహాసిని. నాకంటే పదేళ్లు చిన్నదై ఉంటుంది. బాపు కనురెప్పలు ఎత్తి టార్చి వేసి చూస్తూ, మా వైపు తిరగకుండానే అడిగింది.

"ఈయన బాగా ఉండగా ఆఖరుసారి ఎవరు చూశారు? ఎన్నింటికి?"

నేను నోరు తెరిచేలోపే నా తమ్ముడు దామోదర్ అందుకున్నాడు. వాడు ఆత్మకూర్‌లో ఎరువుల దుకాణంలో పనిచేస్తాడు. అమ్మ ఫోన్ చేస్తే తెల్లవారి బండి మీద ఊరికి ఉరికొచ్చి, అంబులెన్సులో ముందు సీట్లో ఎక్కాడు.

"అయిదింటికి మేడం. పొద్దుగాల లేసి మంచిగనే మాట్లాడిండు. గంతట్లనే గిట్లయిండు."

వాడు చెప్పిన తీరు చూస్తే నేనే నమ్మేసేదాన్ని. అంబులెన్సు ఉద్యోగి దారిలో ఒక మాటన్నాడు, నాలుగున్నర గంటల్లోపు తెస్తే రక్తం గడ్డను కరిగించే ఇంజక్షన్ ఉంటుందని. అది వీడి చెవిలో పడింది. ఇప్పుడు టైము ఎనిమిదింబావు.

"అయితే మూడు గంటలే అయింది. స్కాన్ అవగానే ఇంజక్షన్ మొదలుపెడదాం, రెడీగా ఉంచండి" అని డాక్టరమ్మ నర్సుకు చెప్పింది. దామోదర్ నా మోచేయి పట్టి గట్టిగా నొక్కాడు. సప్పుడు చెయ్యకు అని.

నాకు మాత్రం ఆ ఇంజక్షన్ వద్దా? బాపు లేచి కూర్చుంటాడంటే నేను పది అబద్ధాలాడేదాన్ని. కానీ నర్సు సీసా తీసుకురావడానికి కదలగానే నేను అడ్డంగా నిలబడ్డాను.

"మేడం, టైం తప్పు చెప్తే ఏమైతది?" అన్నాను.

ఆమె అప్పుడు తిరిగి చూసింది. "లోపల రక్తం చిమ్మొచ్చు. మందే ప్రాణం తీయొచ్చు. ఎందుకడుగుతున్నారు?"

"నిన్న మధ్యానం రెండింటి సందే బాగలేడు."

"అక్కా!" అని అరిచాడు దామోదర్.

"ఏందిరా అక్క! ఆ సూదితోని సస్తే నీ అక్క బతికిస్తదా?" అన్నాను. గొంతు నాదేనా అనిపించింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నర్సు సీసాను మళ్లీ లోపల పెట్టేసింది. అది లోపలికి పోతుంటే చూశానే, ఆ బాధ ఎవరికీ చెప్పలేను.

డాక్టరమ్మ తిట్టలేదు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చుంది. "మొత్తం చెప్పండి. ఏదీ దాచకండి. ఏం తిన్నాడు, ఏం తాగాడు, ఎవరేం ఇచ్చారు."

చెప్పాను. మా ఊరి కల్లు దుకాణం బందయి అయిదు రోజులైంది. ఎక్సైజోళ్లు వచ్చి తాళం వేసిపోయారు. మా దిక్కు కల్లులో మత్తుగోలీల పొడి కలుపుతారని అందరికీ తెలుసు, తాగేవాళ్లకు ఇంకా బాగా తెలుసు. రోజూ తాగే ముసలివాళ్లకు అది ఒక్కసారి ఆగితే చేతులు వణుకుతాయి, తూలుతారు, నాలుక మడతపడుతుంది. ఆ వారంలో నేనే ముగ్గురిని చూశాను. పక్క ఊరి నుంచి ఒక సీసా తెచ్చి రెండు గుటకలు పోస్తే ఇద్దరు పూట తిరక్కుండా లేచి కూర్చున్నారు. బాపు తూలితే ఊరు ఊరంతా ఒకే మాటంది, కల్లు యాదికొచ్చింది ముసలోనికి అని. నేనూ అదే అని, పక్క ఊరి కల్లే తెప్పించి బాపుకూ పోశాను. ఆర్ఎంపీ ఐలేశం వచ్చి తల తిరుగుడుకు గోలీ ఇచ్చి, గ్లూకోజు ఎక్కించి, పొద్దటికి తగ్గుతది అని పోయాడు.

"బాపు చెప్పిండు మేడం. కల్లు గాదే బిడ్డా, గొర్లు ఒక్కటి రెండై కనవడ్తున్నయి అన్నడు. నేను నగిన. నీకు లాభమే గదా, మంద డబులయింది అన్న."

ఆ మాట చెప్పి కొంగుతో ముఖం తుడుచుకున్నాను.

"నేను ఆశ వర్కర్‌ను మేడం. తెల్వనిదాన్ని గాదు. ట్రైనింగుల కార్డు ఇచ్చిండ్రు. మూతి వంకర పోయిందా చూడాలె, రెండు చేతులు లేపమనాలె, మాట చూడాలె. అన్ని చూసిన. మూతి సక్కగుండె. రెండు చేతులు సమానంగ లేపిండు. మాట ముద్దగుండె, గని కల్లు బందయినోళ్లందరి మాట గట్లనే ఉండె. పక్షవాతం గాదని నేనే చెప్పిన అందరికి."

"ఆ కార్డు తప్పు కాదు, కానీ దానికి అన్నీ దొరకవు" అంది ఆమె. "తల వెనక వైపు రక్తనాళం మూసుకుంటే మొదట్లో మూతి వంకర పోకపోవచ్చు. ఉన్నట్టుండి తల తిరగడం, వాంతులు, ఒకటి రెండుగా కనిపించడం, నడక తూలడం, మింగలేకపోవడం... పెద్ద వయసులో ఇవి కలిసి ఒక్కసారే వచ్చాయంటే ఇంక ఆగకూడదు. మేమూ పొరబడుతుంటాం అమ్మా." తర్వాత అడిగింది. "ఆ కల్లు మింగాడా?"

"పొలమారింది. ముక్కులకెల్లి వచ్చింది."

"అప్పుడు ఆపారా?"

అబద్ధం చెప్పడానికి ఇంకో అవకాశం. "లేదు. చిన్న పోరగాని లెక్క తాగుతవేందని కోపం చేసి ఇంకో గలాస తాగిచ్చిన" అన్నాను.

ఆమె కాగితం మీద ఏదో రాసుకుని, బాపు ఛాతీ మీద స్టెత్ పెట్టి చాలాసేపు విన్నది. కుడి వైపు రెండుసార్లు విన్నది.

స్కాన్ అయింది. తొమ్మిదిన్నరకు మమ్మల్ని పిలిచి తెర మీద బొమ్మ చూపించింది. మెదడుకూ మెడకూ నడుమ బొటనవేలంత భాగం. మెదడు కాండం అంటారట. చేతులకూ కాళ్లకూ మాటకూ మింగుడుకూ పోయే నరాలన్నీ అందులోంచే పోవాలి. దానికి రక్తం మోసే నాళం తెల్లగీతలా కనిపిస్తోంది, మధ్యలో గడ్డ అడ్డుపడిన చోట ఆ గీత తెగిపోయి ఉంది.

"హైదరాబాద్‌లో తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం పంపి ఆ గడ్డను లాగేస్తారు. మొదలైన ఇరవై నాలుగు గంటల్లోపు అయితే మేలు జరిగే అవకాశం ఉంది. అంటే ఇవాళ మధ్యాహ్నం రెండు దాకా. నేను ఫోన్ చేసి మాట్లాడాను, తీసుకురమ్మన్నారు. అంబులెన్సు కిందే ఉంది."

"బాగయితడా మేడం?" అమ్మ అడిగింది. దవాఖానకు వచ్చాక ఆమె మాట్లాడిన మొదటి మాట.

"మాటివ్వలేనమ్మా. తీయకపోతే పదిమందిలో ఏడెనిమిది మంది దక్కరు. తీస్తే కొందరు లేచి నడుస్తారు. కొందరు ప్రాణంతో ఉంటారు కానీ లేవరు. దారిలోనే ఏమైనా కావచ్చు కూడా. తొందరగా చెప్పండి, నిమిషాలు పోతున్నాయి."

మేం మంచం దగ్గరికి వచ్చేసరికి చిన్నాయిన లచ్చయ్య వచ్చి నిలబడి ఉన్నాడు. బాపు తమ్ముడు. గొంగడి భుజం మీదే ఉంది, మందను ఎవరికో అప్పజెప్పి బస్సెక్కాడు. బాపు ముఖం చూసి, కాళ్లు పట్టి చూసి, నిట్టూర్చాడు. విషయం విన్నాక ఆయన తేల్చేశాడు.

"ఇంక పట్నమేంది, గిట్నమేంది. ఊపిరుండంగనే ఊరికి తీస్కపోదం. తొవ్వల పాణం పోయిందనుకో, ఊర్లకు రానియ్యరు. పొలిమెర కాన్నే దించి, ఆడికెల్లే తీస్కపోవాలె. మా అన్న ఇంటి ముంగట గూడ పండకుండ పోవాల్నా?"

ఆ మాటకు అమ్మ కదిలిపోయింది. మా ఊరి కట్టుబాటు అది. బయట పోయినవాడు ఇంటి గడప చూడడు. అమ్మ భయం చావు గురించి కాదు, ఆ పొలిమేర గురించి.

"జాగ?" అన్నాడు దామోదర్ తల వంచుకుని.

"ఎర్రచెల్కల మీ తాత పక్కపొంటి. గుంత తియ్యనీకి మనుషులను ఫోన్ల చెప్పు. మంద సంగతి తర్వాత సూద్దం. నేను ఒక్కన్ని కాయలేను, సంతకు కొట్టుడే."

అడ్డు చెప్పాల్సినదాన్ని నేను. ఏ ముఖం పెట్టుకుని చెప్పను? పక్షవాతం కాదన్న నోరు, కల్లు పోసిన చెయ్యి. నిన్నటి దాకా ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా మల్లికను పిలవండి అనేవాళ్లు. ఆ మల్లిక మంచం ఊచ పట్టుకుని, ఎవరు ఏమంటే అదే ఖాయమన్నట్టు నిలబడింది.

అప్పుడు బాపు కళ్లు పైకి పోయాయి. కనుగుడ్లు పైకప్పు వైపు లేచి అక్కడే ఆగాయి.

"అయ్యో, కండ్లు తేలేస్తుండు!" అని అమ్మ బొబ్బ పెట్టింది.

"నీళ్లు! నోట్ల నీళ్లు పొయ్యుండ్రి!" చిన్నాయిన సంచిలోంచి సీసా లాగి మూత తీశాడు. ఆఖరి గుక్క మనవాళ్ల చేతి మీదుగా పోవాలని. బాపు పెదవుల దాకా వచ్చింది సీసా.

నేను కొట్టాను. సీసా ఎగిరి గోడకు తగిలి, నీళ్లు చిన్నాయిన గొంగడి మీద పడ్డాయి.

"మింగలేడు చిన్నాయినా! ఊపిరితిత్తులల్లకు పోతయి! నేను ఒకపారి పోసిన, సాలదా?"

"పాణం పోయేటోనికి నీళ్లు వద్దంటవా? నువ్వు బిడ్డవేనా?" అని ఆయన చెయ్యెత్తాడు. దామోదర్ మధ్యలోకి వచ్చాడు. వార్డంతా మా వైపే చూస్తోంది. ఆ గొడవలో నేను బాపు ముఖం మీదికి వంగాను. కళ్లు మామూలుగా ఉన్నాయి. నన్నే చూస్తున్నాయి. నేను చూస్తుండగానే మళ్లీ పైకి పోయాయి, కిందికి వచ్చాయి. పైకి, కిందికి. తేలేసేవాళ్ల కళ్లు నేను ఎన్నో చూశాను. అవి తిరిగి రావు.

"మేడం!" అని అరిచాను. "మేడం, బాపు సూస్తుండు!"

సుహాసినమ్మ పరుగున వచ్చింది. అందరినీ నోరు మూసుకోమంది. బాపు చెవి దగ్గరికి వంగి, గట్టిగా, నిదానంగా చెప్పింది.

"గోపయ్య గారూ, నా మాట వినబడుతుంటే కళ్లు పైకి చూడండి."

చూశాడు.

"ఇప్పుడు కిందికి."

చూశాడు.

"రెప్ప రెండుసార్లు కొట్టండి."

ఒకటి. రెండు.

ఆమె నిలబడింది. ముఖం పాలిపోయింది. "మనిషి పూర్తిగా తెలివిలో ఉన్నాడు. పొద్దుటి నుంచీ ఉన్నాడు. పక్కలకు చూడలేడు, పెదవి కదపలేడు, వేలు కదపలేడు. పైకీ కిందికీ చూడటం, రెప్ప కొట్టడం, అంతే మిగిలింది. మీరు మాట్లాడిందంతా విన్నాడు" అంది.

దామోదర్ గోడకు ఆనుకుని కిందికి జారిపోయాడు. "గుంత సంగతి ఇన్నడా? బాపు... ఎర్రచెల్క సంగతి ఇన్నడా?" అని తల బాదుకున్నాడు. చిన్నాయిన గొంగడి అంచుతో మూతి మూసుకుని బయటికి నడిచాడు. గుమ్మం దాకా పోయి మళ్లీ వచ్చాడు.

డాక్టరమ్మ వాచీ చూసుకుంది. "పది దాటింది. తెలివిలో ఉన్నాడు కాబట్టి ఆయన్నే అడగాలి. పైకి చూస్తే ఔను. కిందికి చూస్తే కాదు. ఎవరైనా దగ్గరివాళ్లు అడగండి. పది నిమిషాలు. దారికీ అక్కడి ఏర్పాట్లకూ మూడున్నర గంటలు పడుతుంది, ఆ తర్వాత పోయినా లాభం ఉండదు."

అమ్మ నా వైపు చూసింది. దామోదర్ నా వైపు చూశాడు. నేనే తప్ప ఇంకెవరూ దొరకలేదు వీళ్లకు.

వంగి, ఉన్నదున్నట్టు చెప్పాను. గడ్డ సంగతి, గొట్టం సంగతి, బతికినా ఇట్లాగే ఉండిపోవచ్చన్న సంగతి. ఒక్కటీ దాచలేదు. తర్వాత అడిగాను.

"బాపూ, పట్నం పోదమా?"

చూపు కిందికి.

"జర మంచిగ ఇను బాపూ. పట్నం పోతే బతుకుతవేమో. పోదమా?"

కిందికి.

"సూస్తివా!" చిన్నాయిన ఏడుస్తూనే అన్నాడు. "ఇంటికే రమ్మంటుండు మా అన్న."

"ఇంటికి పోదమా బాపూ?"

అదీ కిందికే.

పట్నం వద్దు, ఇల్లూ వద్దు. మరేం కావాలయ్యా నీకు? నొప్పా అంటే కాదు. దాహమా అంటే కాదు. అమ్మతో మాట చెప్పాలా అంటే కాదు. మంద అమ్మొద్దంటవా అంటే ఒక క్షణం ఆగి, అదీ కాదు. పైకి, కిందికి, మళ్లీ పైకి. ఏదో చెబుతున్నాడు. నా దగ్గర ప్రశ్నలు అయిపోతున్నాయి. ఎదురుగా ఉన్నాడు మనిషి, అరచేయంత దూరంలో, నాకు మాటలు నేర్పినవాడు. నాకు అర్థం కావడం లేదు. ఎంత చేతగానిదాన్నమ్మా నేను అనిపించింది. మూడు నిమిషాలు మిగిలాయని నర్సు అంది.

ఇక నా నోట్లో ఆడుతున్న ఒక్క ప్రశ్నే మిగిలింది. అది అడగకుండా తప్పించుకోవాలనే ఇవన్నీ అడిగానేమో.

"నా మీద కోపమా బాపూ?"

చూపు పైకి లేచింది. లేచి అక్కడే నిలిచింది. పక్కనున్న అందరికీ కనబడేంతసేపు నిలిచింది.

నేను ఏడవలేదు. అప్పుడు ఏడుపు కూడా రాలేదు. ఒకరకంగా ప్రాణం కుదుటపడింది, మా బాపు లోపల బాపులాగే ఉన్నాడు.

"తిట్టాల్నని ఉన్నదా?"

పైకి.

"తిట్టు. ఊరంత ఇనవడేటట్టు తిట్టు. పడ్త. గని మాట రావాలె గద బాపూ తిట్టనీకి. మాట రావాల్నంటే పట్నం పోవాలె. ఆఖరిపారి అడుగుతున్న. పోదమా?"

ఆయన కళ్లు నా కళ్లలోనే ఉన్నాయి. రెప్ప పడింది, లేచింది. సరిగ్గా అప్పుడే ఆయన గొంతులో గురగురమని శబ్దం మొదలైంది. పక్కనున్న మిషను కూత పెట్టింది. డాక్టరమ్మ అటు ఉరికి అంకెలు చూసి, నర్సును కేకేసింది.

"ఆక్సిజన్ పడిపోతోంది. కుడి ఊపిరితిత్తిలోకి కల్లు పోయింది కదా, అదే. ఊపిరి గొట్టం వేయాలి, మత్తిచ్చి!"

నన్ను తప్ప అందరినీ వెనక్కి నెట్టారు. మంచం ఊచ నేను వదల్లేదు. బాపు ముఖం నా కింద ఉంది. మిగిలినవాళ్లంతా ఆ మిషను వైపు చూస్తున్నారు. బాపు కళ్లను చూస్తున్నది నేనొక్కదాన్నే.

చూపు కదిలింది. నిదానంగా, తొట్రుపాటు లేకుండా కిందికి దిగింది. దిగి, అక్కడే ఆగింది.

నర్సు సూది గుచ్చింది. రెప్పలు మూతపడ్డాయి.

"ఇంక ఆయన్ను అడగలేం" అని డాక్టరమ్మ గొట్టం చేతిలోకి తీసుకుంటూ నా వైపు తల తిప్పింది. "ఆఖరికి ఏమన్నాడు? పంపించాలా, వద్దా?"

అమ్మ, దామోదర్, చిన్నాయిన ముగ్గురూ నా నోటి వైపే చూస్తున్నారు.

"ఔనన్నడు మేడం" అన్నాను.